మన పేరు మన చేతిలో – సెల్‌ఫోన్ రోజుల్లో హాస్టల్ విద్యార్థి



వార్షికోత్సవ సంచికకు ‘వ్యక్తిత్వ వికాసం’ మీద ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు కబురు చేశారు. ఇప్పుడు ఏ కాలేజీలో సెమినార్ పెట్టినా వినపడే మాటలు రెండే: పర్సనల్ బ్రాండ్, సోషల్ మీడియా. టై కట్టుకొచ్చిన ట్రైనర్ గారు ప్రొజెక్టర్ మీద నాలుగు బొమ్మలు చూపించి “మీరే ఒక బ్రాండ్” అని చెప్పి, భోజనం చేసి వెళ్ళిపోతారు. వెనక బెంచీలో కూర్చున్న మాకు మాత్రం బ్రాండ్ అంటే పత్తి విత్తనాల ప్యాకెట్టే గుర్తొచ్చేది. మా ఇళ్ళల్లో పేరు చూసి కొనే వస్తువు అదొక్కటే. ఒక ఏడు మంచి పేరున్న విత్తనం ప్యాకెట్లో నకిలీ విత్తనం వచ్చి, కౌలు చేను సగం కూడా మొలవలేదు. ప్యాకెట్టు మీద బొమ్మ మాత్రం చాలా బాగుంది. అందుకని బ్రాండ్ అన్న మాట మీద మాకు మొదటినుంచీ కొంచెం అనుమానమే.

మేము అంటే నలుగురం. ఈ హాస్టల్లోనే పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు యూనివర్సిటీలో ఒకే గదిలో ఉంటూ పీజీ చదువుతున్నాం. ఇద్దరిది బోటనీ, ఒకరిది కామర్స్, ఒకరిది తెలుగు. నలుగురి ఇళ్ళల్లోనూ డిగ్రీ పట్టా తెచ్చిన మొదటి మనుషులం మేమే. రాసే చెయ్యి ఒకటే అయినా ఇందులో చెప్పేవి నలుగురి సంగతులు. తప్పులు కూడా నలుగురివీ ఉన్నాయి. అందులో ఒక తప్పు మా వల్ల ఇంకొకరికి జరిగింది. అదే ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం. దాని దగ్గరకు మెల్లగా వస్తాం.

వాత నుంచి పేరు దాకా

బ్రాండ్ అంటే మొదట్లో పశువుకు కాల్చి వేసే వాత. ఈ గొడ్డు ఫలానా వాళ్ళది అని తెలియడానికి వేసేవారు. తర్వాత అది సరుకు పేరుకు, ఆ తర్వాత మనిషి పేరుకు వచ్చింది. 1997లో టామ్ పీటర్స్ అనే అమెరికా రచయిత ఒక పత్రికలో, ప్రతి ఉద్యోగీ తనను తానే ఒక బ్రాండ్‌గా చూసుకోవాలని వ్యాసం రాశారు. ట్రైనర్లు చెప్పేదంతా ఇంచుమించు అక్కడి నుంచి వచ్చిందే.

పశువుల మాట వచ్చింది కాబట్టి మన ప్రాంతం సంగతి ఒకటి చెప్పుకోవాలి. మన ఒంగోలు గిత్తలను వెనకటి రోజుల్లో ఓడలమీద బ్రెజిల్ తీసుకుపోయారు. ఈ రోజు ఆ దేశంలో మాంసం కోసం పెంచే పశువుల్లో పెద్ద భాగం ఆ సంతతే. కాని అక్కడ ఆ జాతి పేరు ఒంగోలు కాదు, నెలోర్. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లోనే. మూపురం మనది, కొమ్ములు మనవి, పేరు మాత్రం వేరొకటి నిలిచిపోయింది. గిత్తకు దాని గురించి బాధ లేదు. మనిషికి ఉంటుంది. మన గురించి మనం చెప్పకపోతే చెప్పేవాళ్ళు వేరే ఉంటారని ఆ గిత్త కథ విన్నప్పుడల్లా అనుకుంటాం.

యార్డులో నేర్చుకున్న పాఠం

గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే పెద్ద మిరప మార్కెట్లలో ఒకటి. సెలవుల్లో నాన్నలతో అక్కడికి వెళ్ళిన వాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. టిక్కీల మీద పడుకుని రాత్రి గడిపిన వాళ్ళూ ఉన్నారు. కొనేవాడు ఏం చేస్తాడో గుర్తు చేసుకోండి. టిక్కీ మీద రాసిన పేరు చదవడు. లోపలికి చెయ్యి పెట్టి, అడుగునుంచి గుప్పెడు కాయలు తీస్తాడు. రంగు చూస్తాడు. కాయ విరిచి గింజ చూస్తాడు. నిమ్ము ఉందా, తాలు కలిసిందా అని చూస్తాడు. పైన ఎర్రగా నిగనిగలాడే కాయలు పేర్చి, లోపల తాలు నింపి తెచ్చిన రైతుకు ఆ ఒక్క టిక్కీకే కాదు, పక్కనున్న మంచి టిక్కీలకు కూడా ధర తగ్గిపోతుంది.

మా కామర్స్ మిత్రుడికి ఇలాగే జరిగింది. డిగ్రీ అయ్యాక లింక్డ్‌ఇన్‌లో ఖాతా తెరిచి, ‘టాలీలో నిపుణుడు’ అని రాసుకున్నాడు. అందరూ అలాగే రాస్తున్నారు కదా అనుకున్నాడు. ఒక ఆఫీసులో ఇంటర్వ్యూకు పిలిచారు. ప్రశ్నలేమీ అడగలేదు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, కొనుగోలు బిల్లు ఒకటి చేతికిచ్చి, జీఎస్టీతో ఎంట్రీ వేయమన్నారు. మావాడు పదిహేను నిమిషాలు తెర వంక చూసి లేచి వచ్చేశాడు. వాడు డిగ్రీలో అకౌంట్స్‌కు తెచ్చుకున్న మార్కులు నిజంగా మంచివి. ఆ మార్కుల కాగితం వాళ్ళు తీసి చూడనే లేదు. లోపల తాలు కనపడ్డాక మంచి కాయలు ఎవరు చూస్తారు! తర్వాత మూడు నెలలు వినుకొండలో ఒక ఆడిటర్ గారి దగ్గర జీతం లేకుండా కూర్చుని టాలీ నేర్చుకున్నాడు. ఇప్పుడు ఖాతాలో ‘నిపుణుడు’ అన్న మాట తీసేసి, ఎక్కడ ఎన్ని నెలలు ఏం పని చేశాడో అంతే రాశాడు.

మిరపకూ పేరు ఊరికే రాలేదు. గుంటూరు సన్నం మిర్చికి 1999 నాటి చట్టం కింద భౌగోళిక గుర్తింపు ఉంది. అంటే వేరే ప్రాంతంలో పండిన కాయను ఆ పేరుతో అమ్మకూడదు. లాం ఫారంలో తయారైన రకాల పేర్లు చూడండి, ఎల్‌సీఏ 334 లాంటివి. ఆ మొదటి అక్షరం లాం గ్రామానిదే. ఎన్నో ఏళ్ళ పంట, ఎందరో కూలీల కోత, కల్లాల్లో ఆరబోత, తొడిమలు తీసే అమ్మల చేతుల మంట, అన్నీ కలిస్తే ఆ పేరు.

ఆ పేరు చెడడానికి మాత్రం అన్నేళ్ళు అక్కర్లేదు. 2003లో మన దేశం నుంచి ఐరోపాకు వెళ్ళిన కారంలో సుడాన్-1 అనే రంగు పట్టుబడింది. అది పరిశ్రమల్లో వాడే రంగు, తినే పదార్థాల్లో నిషేధం. ఎర్రదనం ఎక్కువ కనపడాలని ఎవరో కలిపారు. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఒక సాస్‌లో అదే రంగు కనపడేసరికి, ఆ సాస్ వాడిన వందల రకాల ఆహార పదార్థాలను దుకాణాల నుంచి వెనక్కి తీయాల్సి వచ్చింది. ఎగుమతి అయ్యే కారానికి పరీక్షలు, సర్టిఫికెట్లు తప్పనిసరి అయ్యాయి. కలిపినవాడు ఎవడో ఒకడు. ఆ పరీక్షల ఖర్చు, అనుమానం చూపు, నిజాయితీగా పండించిన వాళ్ళందరికీ పడింది. ఫొటోకు ఫిల్టర్ వేసుకోవడం, లేని అర్హత రాసుకోవడం ఆ రంగు లాంటివే. ఫిల్టర్ అంత ప్రమాదం కాదనుకోండి, సరదాకు మేమూ వేసుకుంటాం!

తెనాలి దగ్గరి మస్తానమ్మ గారు

సోషల్ మీడియాలో పేరు తెచ్చుకోవాలంటే ఇంగ్లీషు రావాలి, మంచి ఫోన్ ఉండాలి, తెల్లగా ఉండాలి అని చాలామంది తమ్ముళ్ళు అనుకుంటున్నారు. వాళ్ళకు కర్రె మస్తానమ్మ గారి సంగతి చెప్పాలి. తెనాలి దగ్గర గుడివాడ అనే చిన్న ఊరు ఆమెది (కృష్ణా జిల్లా గుడివాడ కాదు). చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, పొలాల్లో కూలికి వెళ్ళి పిల్లల్ని సాకిన మనిషి. చదువు లేదు. నోట్లో పళ్ళు కూడా లేవు. 2016లో ఆమె మనవడి వరస యువకుడు, అతని స్నేహితుడు కలిసి, ఆమె వంకాయ కూర వండుతుంటే వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టారు. ‘కంట్రీ ఫుడ్స్’ అన్న ఆ ఛానల్‌ను లక్షల మంది చూశారు. పుచ్చకాయ డొల్లలో కోడికూర వండిన వీడియో దేశాలు దాటిపోయింది. 2018 డిసెంబరులో ఆమె చనిపోయేనాటికి ఆ ఛానల్‌కు పన్నెండు లక్షల మందికి పైగా చందాదారులు ఉన్నారు. విదేశీ పత్రికలు సైతం ఆమె మరణవార్త రాశాయి. అప్పటికి ఆమె వయసు నూట అయిదా, నూట ఏడా అంటే చెప్పడానికి కాగితం లేదు. మన నాయనమ్మల్లో ఎవరికుంది కనక!

ఆ వీడియోలు మేము గదిలో కూర్చుని మళ్ళీ మళ్ళీ చూశాం. ట్రైనర్ గారు చెప్పినవి ఏవీ అందులో లేవు. పొలం గట్టు, మూడు రాళ్ళ పొయ్యి, మట్టి కుండ, నేత చీర. ఆమె కెమెరా వంక కూడా ఎక్కువ చూడదు. అల్లం పొట్టు గోటితో గీకేస్తుంది. ఎప్పుడు చూసినా అదే మనిషి, అదే తీరు. ఇంకొకరిలా కనపడాలన్న ఆత్రం లేదు. ఎనభై ఏళ్ళపాటు చేసిన పనినే కెమెరా ముందు చేసింది. పేరు వచ్చింది చివరి రెండేళ్ళలో. పని మాత్రం అంతకుముందు ఎనభై ఏళ్ళది.

అయితే ఇందులో ఇంకో సంగతి గమనించాలి. వంట ఆమెది, కాని కెమెరా పట్టుకోవడం, కత్తిరించి అతికించడం, వేళకు పెట్టడం, ఇవన్నీ చేసిన కుర్రవాళ్ళ కష్టం తెర మీద కనపడదు. ఖాతా నడిపింది కూడా వాళ్ళే. ఇంటి మనుషులు కాబట్టి సరిపోయింది. మన తమ్ముళ్ళలో పాట బాగా పాడేవాళ్ళు, డప్పు బాగా కొట్టేవాళ్ళు ఉన్నారు. ఎవరైనా వచ్చి “నీకు ఛానల్ పెట్టిస్తా” అంటే ముందు అడగాల్సింది, ఖాతా ఎవరి పేరు మీద, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర, డబ్బు వస్తే ఎవరి బ్యాంకులోకి అని. అడగడానికి మొహమాటపడొద్దు. చేను కౌలుకు ఇచ్చేటప్పుడు మన నాన్నలు సాక్షుల ముందు మాట్లాడుకోవడం లేదా!

తెలంగాణలో జగిత్యాల జిల్లా లంబాడిపల్లికి చెందిన గంగవ్వ గారి కథ కూడా ఇలాంటిదే. కూలిపని చేసుకునే ఆమె ‘మై విలేజ్ షో’లో తన యాసలోనే మాట్లాడి, 2020లో బిగ్‌బాస్ దాకా వెళ్ళారు. యాస మార్చుకోలేదు. మేము మాత్రం యూనివర్సిటీలో అడుగు పెట్టిన మొదటి వారంలోనే మా పల్లె మాట దాచేయడం మొదలుపెట్టాం.

దాచుకోవడం గురించి

మన వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా గారికి సెల్‌ఫోన్ లేదు. రాజమండ్రిలో మూగ సినిమాలకు కథ, మాటలు చదివి వినిపించే పని చేశారు. గుంటూరులో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. పద్యం విని మెచ్చుకున్న నోళ్ళే కులం తెలిశాక మూసుకుపోయిన అనుభవాలు ఆయనకు ఎన్నో. ఆయన తన పుట్టుకను దాచలేదు. దాన్నే 1941లో ‘గబ్బిలం’గా రాసి లోకం ముందు పెట్టారు. తర్వాత చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. పదో తరగతిలో ఆయన పాఠం మేము అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే.

అలాంటి మేము ఏం చేశామో చెబుతాం. పీజీ మొదటి సంవత్సరంలో చేరిన కొత్తల్లో, తరగతిలో ఒకమ్మాయి మా ఫేస్‌బుక్‌లో ఉన్న పాత ఫొటో చూసింది. గణతంత్ర దినోత్సవం నాడు హాస్టల్ గేటు ముందు అందరం నిలబడి తీయించుకున్నది. వెనక బోర్డు మీద ‘సాంఘిక సంక్షేమ’ అన్న అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. “మీరు ఆ హాస్టలా?” అంది. ఆమె చెడ్డగా అనలేదేమో. కాని ఆ ‘ఆ’ మా చెవిలో ఉండిపోయింది. ఆ రాత్రి నలుగురం కూర్చుని పాత ఫొటోలన్నీ తీసేశాం. ఊరి పేరు తీసేసి ‘గుంటూరు’ అని పెట్టుకున్నాం. మాలో ఒకరిది ఇప్పటి పల్నాడు జిల్లా, ఇంకొకరిది బాపట్ల జిల్లా, మిగతా ఇద్దరిదీ ప్రకాశం. నలుగురం ఒక్క రాత్రిలో గుంటూరు టౌన్ వాళ్ళమైపోయాం. హాస్టల్ జూనియర్లు ఎవరైనా ఫ్రెండ్ రిక్వెస్ట్ పెడితే ఒప్పుకోలేదు. కొత్త స్నేహితులు వాళ్ళ గోడలు చూస్తే మా సంగతి తెలుస్తుందని భయం. అదే మేము కట్టుకున్న పర్సనల్ బ్రాండ్.

ఆ వేసవిలో ఒక జూనియర్ మాకు ఇన్‌స్టాగ్రామ్‌లో మెసేజ్ పెట్టాడు. డిగ్రీ చివరి సంవత్సరం అయిపోయి ఊళ్ళో ఉన్నాడు. “అన్నా, పీజీసెట్ అప్లికేషన్ ఆఖరు తేదీ ఎప్పుడు? ఫీజు ఎంత? మా బావ ఫోన్ నుంచి పెడుతున్నా, నంబరు ఇది” అని ఉంది. మనకు పరిచయం లేని ఖాతాల నుంచి వచ్చే మెసేజీలు మామూలు పెట్టెలోకి రావు, రిక్వెస్టులు అని పక్కన ఒక పెట్టె ఉంటుంది, అందులో పడతాయి. మేము ఒప్పుకుని ఉంటే ఎదురుగా కనపడేది. కనపడలేదు. వాళ్ళ కాలేజీలో ఎవరో ఇంకా పది రోజులు టైముందన్నారట. అతను నెట్ సెంటర్‌కు వెళ్ళేసరికి ఆలస్య రుసుముతో కూడా గడువు అయిపోయింది.

ఆ మెసేజ్ మేము చూసింది నాలుగు నెలల తర్వాత. పాత మెసేజీలు తుడిచేస్తుంటే బయటపడింది. వెంటనే ఆ నంబరుకు ఫోన్ చేశాం. బావ ఎత్తి, “వాడు కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు తూకం వేసే దగ్గర లెక్కలు రాస్తున్నాడు, రాత్రికి వస్తాడు” అన్నాడు. రాత్రికి మళ్ళీ చేశాం. అతను కోప్పడలేదు. “మీరు బిజీగా ఉంటారులే అన్నా” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఏడాది అతనికి పోయింది. మరుసటి సంవత్సరం ఫారం నింపడం మేమే దగ్గరుండి చేశాం. ఇప్పుడు మా పక్క బ్లాకులోనే ఉండి పీజీ చదువుతున్నాడు. ఈ వ్యాసం మొదటి ప్రతి అతనికే చూపించాం. “పేరు వద్దులే అన్నా, సంగతి రాయి” అన్నాడు. ఆ గేటు ఫొటో మళ్ళీ పెట్టాం. “ఆ హాస్టలా?” అన్న అమ్మాయి దానికి లైక్ కొట్టింది. దాన్ని ఎలా తీసుకోవాలో మాకు ఇప్పటికీ తెలియదు.

కొన్ని పనికొచ్చే మాటలు

పేరు అంటే ముందు పదో తరగతి మెమోలో ఉన్న పేరు. ఇది ట్రైనర్లు చెప్పరు. మన ఇళ్ళల్లో పిలిచే పేరొకటి, బళ్ళో రాసిందొకటి, ఆధార్‌లో ఇంకొకటి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొట్టి అక్షరం. స్కాలర్‌షిప్పు దగ్గర, పాస్‌పోర్టు దగ్గర, ఉద్యోగం దగ్గర ఈ తేడాలే మనల్ని తిప్పుతాయి. పదో తరగతి తమ్ముళ్ళు, చెల్లెళ్ళు స్కూల్లో నామినల్ రోల్ నింపేటప్పుడే పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చూసుకోవాలి. హెడ్మాస్టరు గారిని అడగడానికి భయపడితే వార్డెన్ గారిని వెంట తీసుకెళ్ళండి. తర్వాత మార్పు చేయించుకోవడం ఎంత తిప్పటో మాలో ఒకరికి బాగా తెలుసు. మెమోలో ఉన్న ఆ పేరుతోనే ఈమెయిల్ తెరవండి. హీరో పేరు, ‘డార్లింగ్’, ‘రెబల్’ లాంటివి కలిపిన ఈమెయిల్‌తో మేము ఒక దరఖాస్తు పంపాం. జవాబు రాలేదు. అందుకే రాలేదని అనలేం కాని, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మనం కట్టుకున్నదంతా ఒకరి గోడౌన్‌లోనే పెట్టొద్దు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. మాకు తెలిసిన ఒక కుర్రాడు మిరప కళ్ళాల్లో డాన్సులు వేసి వేలమంది అభిమానుల్ని తెచ్చుకున్నాడు. మర్నాటికి ఒక్కరు లేరు. వీడియోలు కూడా వేరేచోట దాచుకోలేదు. కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టినా రసీదు ఇంట్లో ఉంచుకుంటాం కదా. మంచి ఫొటోలు, రాసిన వ్యాసాలు, సర్టిఫికెట్ల కాపీలు ఈమెయిల్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి దాచుకోండి.

ముందుకు నెట్టే మెసేజీల గురించి మా అనుభవం చేదుగా ఉంది. 2021–22 సీజన్లో నల్ల తామరపురుగు మన మిరప చేలను ఊడ్చేసిన సంగతి మీ ఇళ్ళల్లో ఎవరూ మరిచిపోయి ఉండరు. అప్పుడు ఏదో మందు కలిపి కొడితే పోతుందని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరిగింది. డిగ్రీలో బోటనీ చదువుతున్నామన్న ధైర్యంతో మేమూ మా ఊరి గ్రూపులో పెట్టాం. “మా పిల్లోడు పెట్టాడు, చదువుకున్నోడు” అని మా బాబాయి ఆ మందు కొట్టాడు. వేల రూపాయలు పోయాయి, పురుగు పోలేదు. ఆ తర్వాత లాం వెళ్ళి కనుక్కుంటే, ఇష్టం వచ్చినట్టు మందులు కలిపి కొడితే పురుగును తినే మిత్రపురుగులు కూడా చచ్చి, బెడద ఇంకా పెరుగుతుందని చెప్పారు. నీలం రంగు జిగురు అట్టలు పెట్టుకోమన్నారు. అప్పటినుంచి మా పేజీలో మేము కళ్ళతో చూసినదే రాస్తున్నాం. ఏ ఊరు, ఏ తేదీ, ఏ రకం, పువ్వులో ఎన్ని పురుగులు, ఫొటోతో సహా. చూసేవాళ్ళు తక్కువే, మూడు వందల మంది కూడా ఉండరు. కాని పీజీలో ప్రాజెక్టు అంశం ఎంచుకునేటప్పుడు గైడ్ గారు ఆ ఫొటోలన్నీ వరసగా చూసి, “ఇదే చెయ్యండి” అన్నారు.

సమయం మాటకొస్తే, మాలో ఒకరు సెమిస్టర్ పరీక్షల ముందు రోజుకు అయిదు గంటలు రీల్స్ చూసినట్టు ఫోనే లెక్క చూపించింది. అప్పటినుంచి గదిలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. రాత్రి భోజనం తర్వాత ఒక గంట మాత్రమే. మిగతా సమయంలో నాలుగు ఫోన్లూ ట్రంకుపెట్టెలో. తాళంచెవి రోజుకొకరి దగ్గర. వారంలో రెండు మూడుసార్లు ఈ నియమం తప్పుతూనే ఉంటాం, అబద్ధం ఎందుకు.

చెల్లెళ్ళకు ముఖ్యంగా ఒక మాట. మీ ఫొటోతో ఎవరైనా దొంగ ఖాతా తెరిస్తే అది మీ తప్పు కాదు. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారని ఒక అక్క ఏడాదంతా ఎవరికీ చెప్పకుండా కుమిలిపోయింది. అలా వేరొకరి పేరు, పాస్‌వర్డ్ వాడుకోవడం, వేరొకరిలా నటించి మోసం చేయడం ఐటీ చట్టం 66సి, 66డి సెక్షన్ల కింద నేరాలు. ముందు తెర మీద కనపడేదాన్ని తేదీతో సహా ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత నమ్మకమైన టీచరుకు చెప్పి ఫిర్యాదు ఇవ్వండి. ఇంట్లో కూర్చుని లైకులు కొడితే రోజుకు వెయ్యి రూపాయలు అంటూ ముందు డిపాజిట్ అడిగేవాళ్ళను ఎవరూ నమ్మకండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

కోపం వచ్చినప్పుడు రాయడం గురించి కూడా. ఇష్టంలేని మాట రాశారని జైల్లో పెట్టే 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. కాబట్టి అన్యాయం జరిగితే రాయొచ్చు, రాయాలి కూడా. కాని పేరు పెట్టి ఒక మనిషి మీద రుజువు లేని మాట అంటే పరువునష్టం చట్టం అలాగే ఉంది. మేమైతే కోపంలో రాసినదాన్ని ముందు నోటుపుస్తకంలో రాసుకుంటాం. తెల్లారాక కూడా పెట్టాలనిపిస్తే పెడతాం. సగానికి సగం పెట్టబుద్ధి కాదు.

మేము మొదలుపెట్టిన చిన్న పని

ఆ జూనియర్ సంగతి తర్వాత పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపును మార్చాం. అంతకుముందు అందులో గుడ్ మార్నింగ్ పూలు, రాజకీయ గొడవలే ఉండేవి. ఇప్పుడు తేదీలు మాత్రమే. ఇంటర్, డిగ్రీ అడ్మిషన్లు, ఈఏపీసెట్, పీజీసెట్, జ్ఞానభూమిలో స్కాలర్‌షిప్ గడువు, ఏది ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆఖరు, ఫీజు ఎంత, ఏ కాగితాలు కావాలి. అధికారిక వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే పెట్టాలి, చూసిన వాళ్ళు తమ పేరు కింద రాయాలి. పూలు పెట్టిన అన్నలకు ముందుగా ఒకసారి చెబుతాం, రెండోసారి తీసేస్తాం. ఇద్దరు పెద్ద అన్నలు అలిగి వెళ్ళిపోయారు. ఈ సంచిక చదివితే తిరిగి రమ్మని మనవి.

ఫోన్ లేని తమ్ముళ్ళకు గ్రూపు ఏం ఉపయోగం? అందుకని అవే తేదీలు నెలకొకసారి కాగితం మీద రాసి, భోజనాల హాలు పక్కనున్న బోర్డు మీద అంటించమని వార్డెన్ గారికి పంపుతున్నాం. కాగితం కింద మా నలుగురి నంబర్లు, అయిదోది అతనిది. ఆదివారం సాయంత్రం ఆఫీసు ఫోన్ నుంచి ఒక్క మిస్డ్ కాల్ ఇస్తే చాలు, మేమే తిరిగి చేస్తాం.